త్రిఫల చూర్ణం, కషాయం, మాత్రలు: కాయలు అవే, లోపలి సరుకు వేరు

గాజువాక నుంచి ఒక అమ్మాయి అడిగింది. వాళ్ళ నాన్నగారికి అరవై దాటాయి, మలబద్ధకానికి వైద్యుడు త్రిఫల వాడమన్నారు. ఇంట్లోకి మూడు రకాలు వచ్చి చేరాయి: కురుపాం మార్కెట్‌లో మూలికల కొట్టు నుంచి చూర్ణం, మందుల షాపు నుంచి కషాయం సీసా, ఆన్‌లైన్‌లో తెప్పించిన మాత్రలు. మాత్రల డబ్బా మీద "టానిన్లు 40 శాతం" అని ఉంది. సీసా మీద గాలిక్ ఆమ్లం ఇంత అని ఉంది. చూర్ణం పొట్లం మీద కొట్టు పేరు తప్ప ఏమీ లేదు. పైగా సీసా అడుగున మడ్డి పేరుకుంది. "మూడూ ఒకటేనా అంకుల్? ఏది గట్టిది? ఆ సీసా పారెయ్యనా?"

సీసా పారెయ్యకమ్మా. మిగతా రెండింటికీ జవాబు కాస్త పొడుగు. నేను వైద్యుణ్ణి కాను, ఇలాంటి మందుల్ని పరీక్షించే ల్యాబుల్లో పాతికేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ జబ్బుకి ఏది ఎంత వెయ్యాలో చెప్పను. సీసాలో ఏముంది, పొట్లంలో ఏముంది, లేబుల్ మీద అంకె దేన్ని కొలిచింది అన్నవి మాత్రం చెప్పగలను.

ముందు కాయల సంగతి. త్రిఫల అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ, గింజ తీసేసి సమానంగా. పాత లెక్క ఇంకోటి ఉంది: కరక్కాయ ఒకటి, తానికాయలు రెండు, ఉసిరికాయలు నాలుగు. ఏ లెక్క తీసుకున్నా మూడింటికీ ఉమ్మడి గుణం వగరు. ఆ వగరునే మేం ల్యాబులో టానిన్ అంటాం. నోట్లో పడగానే లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద చేస్తుంది, అందుకే నాలుక పట్టేసినట్టవుతుంది. పచ్చి తోలుని చెడిపోని తోలుగా మార్చేదీ అదే పట్టు. మన జిల్లాకి ఈ విషయంలో పాత పేరుంది. తోళ్ళ వ్యాపారంలో కరక్కాయల రకాలకి ఊళ్ళ పేర్లు పెట్టేవారు. జబల్పూర్ కాయలు ఒక రకమైతే, "భిమ్లీస్" ఇంకో రకం. అది మన భీమిలి రేవు పేరే. మన్యం నుంచి దిగిన కాయలు ఆ రేవులో ఓడెక్కి దొరల దేశాల తోళ్ళ షెడ్లకి పోయేవి. ఇప్పుడు అవే కొండల్లో కరక్కాయలు ఏరి గిరిజన సహకార సంస్థకి అమ్ముతున్నారు. 1956లో పెట్టిన ఆ సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది.

టానిన్లలో రెండు జాతులు. వక్కలో ఉండేది మొండి జాతి, నీళ్ళలో మరిగించినా ముక్కలుగా విడిపోదు. త్రిఫలలో ఎక్కువ భాగం రెండో జాతి. వేడి నీళ్ళు తగిలితే మెల్లగా విడిపోతుంది. మూడు రకాల మందుకీ తేడా వచ్చేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపిగ్గా చదువు.

కరక్కాయలో పెద్దన్నలు ఇద్దరు: కెబులినిక్ ఆమ్లం, కెబులాజిక్ ఆమ్లం. రెండింటికీ నడుమ ఒక గ్లూకోజ్ ఉంటుంది. దానికి ఐదు చేతులున్నాయనుకో. కెబులినిక్‌లో మూడు చేతుల్ని మూడు గాలిక్ ఆమ్లాలు (ఈ టానిన్లలోని చిన్న ముక్కలు) పట్టుకుంటాయి, మిగిలిన రెండింటినీ కెబులిక్ ఆమ్లం ఒక్కటే పట్టుకుంటుంది. కెబులాజిక్‌లో గాలిక్ ఒక్కటే. రెండు చేతులు కెబులిక్‌వి, ఇంకో రెండు చేతుల మీద ఒక జంట ముక్క. ఆ జంట ముక్క ఊడిందంటే తనలో తాను ముడుచుకుని ఎల్లాజిక్ ఆమ్లం అయిపోతుంది. తానికాయలో గాలిక్, ఎల్లాజిక్ విడిగానే బాగా ఉంటాయి. ఉసిరికి దాని సొంత చుట్టాలున్నారు, వాళ్ళ దగ్గరికి తర్వాత వస్తా.

చూర్ణం అంటే ఎండిన కాయల్ని దంచి వస్త్రగాళితం పట్టడమే. నీళ్ళు తగల్లేదు, నిప్పు తగల్లేదు. అంచేత పెద్ద అణువులు చాలావరకు చెక్కు చెదరకుండా ఉంటాయి. నీళ్ళలో కరగని పీచు కూడా అందులోనే ఉంటుంది. మీ నాన్నగారి సమస్యకి ఆ పీచు చిన్న విషయమేం కాదు.

కషాయం అలా కాదు. పాత పద్ధతిలో ఒక వంతు మందుకి పదహారు వంతులు నీళ్ళు పోసి ఎనిమిదో వంతుకి మరిగించాలి. అంటే 10 గ్రాములకి 160 మిల్లీలీటర్లు పోస్తే 20 మిగలాలి. అంతసేపు మరిగేటప్పుడు గ్లూకోజ్ చేతులు ఒక్కొక్కటే వదిలేస్తుంటాయి. కెబులాజిక్ నుంచి కెబులిక్ ముక్క ఊడితే మిగిలేది కొరిలాజిన్. అది ఇంకా విడిపోతే గాలిక్, ఎల్లాజిక్. చివరి దాకా పోతే ఎంత వస్తుందో కాగితం మీదే లెక్క కట్టొచ్చు. కెబులినిక్ అణుభారం సుమారు 956, గాలిక్‌ది 170. 100 మిల్లీగ్రాముల కెబులినిక్ పూర్తిగా విరిగితే 53 మిల్లీగ్రాముల గాలిక్ వస్తుంది. కెబులాజిక్ అయితే 18 గాలిక్, 32 దాకా ఎల్లాజిక్. పొయ్యి మీద అంత పూర్తిగా విరగదనుకో. కానీ దారి మాత్రం అటే.

ఇప్పుడు నీ సీసా లేబుల్ చూడు. గాలిక్ ఆమ్లం ఎక్కువుంటే మందు గట్టిదని నీకు అనిపిస్తుంది. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకచోట త్రిఫల కషాయం బ్యాచ్ ఒకటి పరీక్షకి వచ్చింది. గాలిక్ ఆమ్లం ఎప్పుడూ వచ్చేదానికి దాదాపు రెట్టింపు. కాయలు ఈసారి భలే దొరికాయని అందరం సంబరపడ్డాం. నేను సంతకం పెట్టేశాను కూడా. తర్వాత ఎందుకో చెంచాడు నాలుక మీద వేసుకుంటే వగరు తగ్గి పులుపు తేలింది. అనుమానం వచ్చి ప్లేటు నడిపితే కింద ఉండాల్సిన పెద్ద పట్టీలు దాదాపు లేవు. ఆరా తీస్తే తెలిసింది: సాయంత్రం కషాయం మరిగాక పాత్రకి పెట్టిన ఆవిరి ఆపెయ్యడం మరిచిపోయారు, రాత్రంతా ఆ పాత్ర వేడి మీదే ఉండిపోయింది. మేం మురిసిపోయిన రెట్టింపు అంకె పెద్ద అణువులు విరగ్గా వచ్చినదే. సంతకం వెనక్కి తీసుకోవడానికి నేను పడ్డ అవస్థ వేరే కథ.

ఆ ప్లేటు గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారాన్ని కంటితో చూపించేది అదే. అరచేతి వెడల్పు రేకు, దాని మీద తెల్లటి సిలికా పూత. అడుగున సన్నని గీతల్లా మూడు చోట్ల సారం వేస్తాం: చూర్ణానిది, కషాయానిది, మాత్రది. నాలుగో చోట శుద్ధమైన గాలిక్ ఆమ్లం. టోలుయీన్, ఇథైల్ ఎసిటేట్, ఫార్మిక్ ఆమ్లం, మిథనాల్ కలిపిన ద్రావకంలో నిలబెడితే అది మెల్లగా పైకి పాకుతూ చిన్న అణువుల్ని తనతో మోసుకుపోతుంది. పెద్దవి కిందే చతికిలబడతాయి. ఆరబెట్టి 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద పెడితే ప్లేటంతా లేత ఆకుపచ్చగా మెరుస్తుంది, మందులోని పదార్థాలున్న చోట నల్లటి పట్టీలు కనబడతాయి. చూర్ణం వరసలో నలుపు కింద దట్టంగా, పైన గాలిక్ దగ్గర సన్నగా ఉంటుంది. కషాయం వరసలో గాలిక్ పట్టీ బలిసి, కింది నలుపు పలచబడుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు ఇవి ఒకే గోనెలో కాయలంటే నమ్మరు.

సీసా అడుగున మడ్డి కూడా ఈ కథలో భాగమే. ఎల్లాజిక్ ఆమ్లం నీళ్ళలో ఓ పట్టాన కరగదు. లీటరు నీళ్ళలో కరిగేది పట్టుమని పది మిల్లీగ్రాములు. వేడి మీద ఉన్నప్పుడు ఎలాగో తేలుతూ ఉన్నది, సీసాలో చల్లబడ్డాక బూడిద కలిసిన పసుపు రంగులో మెత్తగా అడుక్కి దిగుతుంది. కరక్కాయతో పదును పెట్టిన తోలు మీద కూడా ఇలాగే లేత పొడి పూస్తుంది, అదీ ఎల్లాజిక్ ఆమ్లమే. మడ్డిలో కాయ నలుసులూ కొన్ని ఉంటాయి. సీసా కుదిపితే కలిసిపోయి, గంటకో రెండు గంటలకో మళ్ళీ దిగితే కంగారు పడక్కర్లేదు, కుదిపి తాగడమే. అలా కాక పైన తెల్లటి పొర కట్టినా, మూత తీస్తే బుస్సుమన్నా, బూజు వాసన వచ్చినా అప్పుడు పారెయ్యి.

మాత్రల మీద 40 శాతం సంగతి. ఇక్కడ రెండు మోసాలున్నాయి, ఒకటి లెక్కది, ఇంకోటి కొలతది. మోసం అంటే కంపెనీ దగా చేసిందని కాదు, అంకె మనని తప్పుదోవ పట్టిస్తుందని.

లెక్క తేలిక. మాత్రలో సారం 500 మిల్లీగ్రాములనుకుందాం. 40 శాతం అంటే 200 మిల్లీగ్రాముల టానిన్. చూర్ణంలో టానిన్లు 20 శాతమే అనుకుందాం, ఇది నేను లెక్క కోసం అనుకుంటున్న అంకె. 5 గ్రాముల చూర్ణంలో 1000 మిల్లీగ్రాములు. సగం శాతం ఉన్న చూర్ణమే ఐదు రెట్లు ఇచ్చింది. శాతం పక్కన ఎన్ని గ్రాములు మింగుతున్నామో చూడకపోతే ఆ శాతానికి అర్థం లేదు.

కొలత సంగతి కాస్త లోతు. టానిన్ శాతం తేల్చడానికి పాతకాలం నుంచీ వస్తున్న పద్ధతి ఒకటుంది. పెద్ద తెల్లటి పింగాణీ గిన్నెలో ముప్పావు లీటరు దాకా నీళ్ళు, అందులో నీలిమందు ద్రావణం, మన మందు సారం. పైన బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టం నుంచి పర్మాంగనేట్ ద్రావణం చుక్క చుక్కగా వదులుతూ గాజు కడ్డీతో కలుపుతుంటాం. నీలం మెల్లగా ఆకుపచ్చలోకి దిగి, ఒక్క చుక్కతో బంగారు పసుపుకి తిరుగుతుంది. అక్కడ ఆపి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకుంటాం. చూడ్డానికి ఎంత ముచ్చటైన పరీక్షో, అంత గుడ్డిది. పర్మాంగనేట్‌కి కెబులినిక్ అయినా ఒకటే, విరిగి వచ్చిన గాలిక్ అయినా ఒకటే, ఉసిరిలో సి విటమిన్ అయినా ఒకటే. ఏది ఎదురొస్తే దాన్ని తినేస్తుంది. ఫోలిన్ ద్రావణంతో నీలం రంగు తెప్పించి కొలిచే పద్ధతికీ ఇదే జబ్బు. అక్కడ ఫలితాన్ని "గాలిక్ ఆమ్లం లెక్కలో ఇంత" అని రాస్తారు, చదివినవాళ్ళు అంతా గాలిక్ ఆమ్లమే ఉందనుకుంటారు. హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో ఒక్కొక్క పదార్థాన్నీ విడదీసి కొలిస్తే వచ్చే అంకె ఇంకోలా ఉంటుంది. అంచేత మాత్రల మీద 40, సీసా మీద ఇంకో అంకె పక్కపక్కన పెట్టి పోల్చడమంటే ఒకరి ఎత్తునీ ఇంకొకరి బరువునీ పోల్చినట్టే.

నన్నడిగితే త్రిఫలకి ఒకే ఒక్క గుర్తు పదార్థం రాయడమే తప్పు. గాలిక్ ఒక్కటే రాస్తే పాతబడ్డ సరుకూ, మాడగొట్టిన సరుకూ మంచి మార్కులు కొట్టేస్తాయి. గాలిక్, ఎల్లాజిక్, కొరిలాజిన్, కెబులాజిక్, కెబులినిక్ ఐదూ పక్కపక్కన రాస్తే అసలు రూపం తెలుస్తుంది. పెద్దవి ఎన్ని మిగిలాయి, చిన్నవి ఎన్ని పుట్టాయి అన్న పాళ్ళే ఆ మందు జాతకం. కంపెనీకి రాసి బ్యాచ్ పరీక్ష పత్రం అడుగు. కొందరు పంపిస్తారు.

ఉసిరి గురించి వస్తానన్నాను కదా. త్రిఫల తింటే సి విటమిన్ వస్తుందని చాలామంది నమ్మకం. పచ్చి ఉసిరిలో 100 గ్రాములకి 600 మిల్లీగ్రాములని పోషకాహార సంస్థ పాత పట్టికల్లో ఉంది. నిజమే, కానీ అది పచ్చికాయ మాట. ఎండలో వరుగు పెట్టి, నెలలు గోనెలో ఉంచి, దంచి, ఆపైన మరిగిస్తే అంత ఉండదు. మిగిలేవి మ్యూసిక్ ఆమ్లానికీ (mucic, పాటల మ్యూజిక్ కాదు) గ్లూకోజ్‌కీ గాలిక్ అతుక్కున్న పదార్థాలు. ఉసిరిలో ఎంబ్లికానిన్లనే టానిన్లు ఉన్నాయని 1990ల్లో ఒక మాట వచ్చింది, చాలా లేబుళ్ళ మీద ఇప్పటికీ ఉంది. తర్వాత తరచి చూసినవాళ్ళు ఆ పేరుతో చూపించినవి ఈ మ్యూసిక్ గాలేట్లూ వాటి తోటివీ అన్నారు. ఎంబ్లికానిన్ శాతం వేసిన డబ్బా కనబడితే నేను డబ్బులు ఎక్కువ పెట్టను.

త్రిఫల పేరుతోనే అమ్మే ఘృతం, గుగ్గులు కూడా ఒకటేనా అని ఎవరో అడిగేలోపే చెప్పేస్తాను. త్రిఫల ఘృతం నెయ్యి మందు. కల్కం (మెత్తగా నూరిన మందు ముద్ద) ఒక వంతు, నెయ్యి నాలుగు, కషాయం పదహారు వంతులు పోసి నీరు ఇగిరేదాకా కాస్తారు. టానిన్‌కి నెయ్యి అంటే గిట్టదు, చాలా భాగం వడకట్టిన పిప్పిలోనే ఉండిపోతుంది. నెయ్యిలోకి పోయేవి స్టెరాల్స్ లాంటి కొవ్వు ఇష్టపడే పదార్థాలు. ఘృతంలో టానిన్ తక్కువొచ్చిందని కల్తీ అనకూడదు. త్రిఫల గుగ్గులు అసలు వేరే మందు. అందులో త్రిఫలకన్నా గుగ్గులు అనే చెట్టు బంక ఎక్కువ, పిప్పలి కూడా ఉంటుంది. చూర్ణం అయిపోయింది కదా అని అది వేసుకోకూడదు. కరక్కాయతో చేసే అభయారిష్టం మాత్రం రసాయనంగా కషాయానికి తమ్ముడు. ముందు మరిగించి, తర్వాత ధాతకీ పూలూ బెల్లమూ వేసి పులియబెడతారు. కెబులినిక్, కెబులాజిక్ అక్కడ ఇంకా విరుగుతాయి, పుట్టిన సారాతో గాలిక్ కలిసి ఇథైల్ గాలేట్ కూడా తయారవుతుంది.

ఇక పేరూ ఊరూ లేని చూర్ణం పొట్లం. నేనైతే దాన్ని వాడను. చూర్ణం చెడ్డదని కాదు, దంచిన పొడిలో ఏం కలిసిందో కంటికి తెలీదు. కరక్కాయ గింజ రాయిలా ఉంటుంది. దాన్ని తియ్యడానికి కూలీ అవుతుంది, తియ్యకుండా ఆడిస్తే బరువు కలిసొస్తుంది. గింజలో టానిన్ తక్కువ, పీచు ఎక్కువ. సూక్ష్మదర్శిని కింద పెడితే రాతికణాలు గుట్టలుగా కనబడి దొంగతనం బయటపడుతుంది కానీ, ఇంట్లో ఆ పరికరం ఎక్కడిది? అందుకే కాయలే కొను. అదే కురుపాం మార్కెట్‌లో విడి కాయలు అమ్ముతారు. కరక్కాయ బరువుగా, గట్టిగా, పురుగు చిల్లి లేకుండా ఉండాలి. చెంబు నీళ్ళలో వేస్తే మునగాలి, తేలేది పక్కన పెట్టు. ఉసిరి వరుగు కొంటే గోరుతో నొక్కి చూడు, మెత్తగా అణిగితే తేమ పట్టిందని అర్థం. మూడూ గింజ తీసి నెలకి సరిపడా దంచుకుని గాజు సీసాలో పొయ్యి. మన ఊళ్ళో సముద్రం గాలికి ప్లాస్టిక్ కవర్లో పొడి వారం తిరక్కుండా ఉండ కడుతుంది. ఉండ కట్టిన చోట ముందు టానిన్లు విరగడం, ఆనక బూజు. చూర్ణానికి చట్టం రెండేళ్ళు గడువు ఇచ్చింది. అది మూత గట్టిగా ఉన్న డబ్బాకి, మన వంటింటి అరకి కాదు.

కషాయం ఇంట్లో కాస్తే స్టీలు గిన్నెలో కాయి. ఇనప మూకుడు వద్దు, సిరా అవుతుంది. వెటకారం కాదు, పూర్వం కరక్కాయ రసంలో అన్నభేది (ఇనుము ఉన్న లవణం) కలిపే సిరా చేసుకునేవారు. ఇనుమూ ఈ టానిన్లూ కలిస్తే నీలి నలుపు. తుప్పు పట్టిన మేకు మీద మీ కషాయం రెండు చుక్కలు వేసి కాసేపాగు, నల్లబడుతుంది. టీ డికాక్షన్ వేసినా నల్లబడుతుంది కాబట్టి కల్తీ పట్టుకోవడానికి ఈ పరీక్ష పనికిరాదు.

మీ నాన్నగారికి రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారని చివర్లో రాశావు. మేకు మీద జరిగిందే కడుపులోనూ జరుగుతుంది. టానిన్ పట్టుకున్న ఇనుము ఒంటికి పట్టదు. రెండూ ఒకేసారి వెయ్యొద్దు, కనీసం రెండు గంటలు ఎడం ఉంచు. త్రిఫల రాత్రి పడుకునేముందైతే ఐరన్ పొద్దున పెట్టు. షుగర్ మాత్రలు కూడా వాడుతుంటే త్రిఫల మొదలెట్టిన సంగతి ఆ డాక్టరు గారికి కూడా చెప్పు. ఏ రూపం కొన్నావో చెప్పి డబ్బా కూడా పట్టుకెళ్ళు. ఉత్త "త్రిఫల" అంటే ఆయనకి చూర్ణమో మాత్రో తెలీదు.